ఉంటి

నీళ్లకు నోరు లేదు గానీ పైపులో పోయేటప్పుడు మాట్లాడతాయి. ఆ మాట వినడమే సత్తయ్య ఉద్యోగంలో సగం. యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్లకూ క్వార్టర్లకూ నీళ్లు వదిలే వాల్వులన్నీ అతని చేతి మీదుగానే తెరుచుకుంటాయి. మనిషెత్తు ఇనుప కడ్డీ, పైన అడ్డంగా రెండు చేతులు పట్టే పిడి, కింద వాల్వు తలకు సరిపోయే గుంత. దాన్ని అందరూ చావి అంటారు. వాల్వు ఉన్న గుంటలోకి చావి దించి, తల దొరికాక గానుగెద్దులా చుట్టూ తిరుగుతాడు. ఆ తర్వాత వంగి పిడికి చెవి ఆనిస్తాడు. జిర్రుమని సన్నగా వినిపిస్తే నీళ్లు పోతున్నట్టు. గుడగుడమంటే గాలి పట్టినట్టు. ఏమీ వినిపించకపోతే లోపల మర అరిగిపోయి వాల్వు ఊరికే తిరుగుతున్నట్టు.

ఆ రోజు పొద్దున ముసురు పట్టింది. లేడీస్ హాస్టల్ వెనక గుంట నిండా బురదనీళ్లు. సత్తయ్య మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి భుజం దాకా ముంచి వాల్వు తల వెతుకుతుంటే బడి వాచ్‌మన్ వెంకటేశం గొడుగేసుకుని వచ్చాడు. హెడ్మాస్టరు ఉన్నపళంగా రమ్మంటున్నాడని చెప్పాడు. ఎందుకని అడిగితే, నీ బిడ్డ నోరునే అడుగు పో అన్నాడు.

క్యాంపస్‌లో పనిచేసేవాళ్ల పిల్లల కోసం పెట్టిన బడి అది. ప్రొఫెసరు కూతురూ, వాల్వు తిప్పేవాడి కూతురూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆ సంగతి బడి వార్షికోత్సవంలో ఏటా ఎవరో ఒకరు గొప్పగా చెబుతారు. ఒకే బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన ఒకే మాట మాట్లాడరని మాత్రం ఎవరూ చెప్పరు.

హెడ్మాస్టరు గది గడప దగ్గర చెప్పులు విడిచి, చావిని గోడకు ఆనించి సత్తయ్య లోపలికి వెళ్లాడు. హెడ్మాస్టరు సోమయాజులు ఏవో కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. బల్లకు ఒక పక్క తెలుగు టీచరు ఎవాంజెలిన్ కూర్చుని ఉంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇంకో పక్క గోడ దగ్గర స్వర్ణ, తొమ్మిదో తరగతి, రెండు జడలు. తండ్రిని చూసి తల దించుకుంది గానీ ఆ దించుకోవడంలో భయం కన్నా చిరాకే ఎక్కువగా ఉంది.

జరిగింది ఇదీ. ముందు రోజు తెలుగు పీరియడ్‌లో, వ్యాసం రాసుకొచ్చావా అని టీచరు అడిగింది. రాస్తి టీచర్ అంది స్వర్ణ. రాస్తే చూపించు అంది టీచరు. రాస్తి అంటున్న గద టీచర్ అని స్వర్ణ నోట్సు పైకెత్తింది. అప్పుడు టీచరుకు ఏం తోచిందో, పిల్లల వైపు తిరిగి, "రాస్తి, వస్తి, పోతి... ఇది ఏ దేశపు భాషర్రా?" అంది. క్లాసంతా నవ్వింది. స్వర్ణ చేత 'రాశాను' అని మూడుసార్లు అనిపించి కూర్చోబెట్టింది. గంట కొట్టాక వెళ్లిపోయిన టీచరు, మరిచిపోయిన గొడుగు కోసం తిరిగి వచ్చేసరికి, స్వర్ణ టీచరు బల్ల దగ్గర నిలబడి ఉంది. డస్టరును హ్యాండ్‌బ్యాగులా చంకన ఇరికించుకుని, లేని కొంగును భుజం మీద సర్దుకుంటూ, "రాశానండీ, వచ్చానండీ, ఆయ్" అంటోంది. ఈసారి క్లాసు బెంచీలు చరుస్తూ నవ్వింది. టీచరు స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చింది.

టీచరు పిల్ల మాటను వెక్కిరిస్తే అది పాఠం. పిల్ల టీచరు మాటను వెక్కిరిస్తే అది తలపొగరు. ఒకే పనికి రెండు పేర్లెలా వచ్చాయో సత్తయ్యకు అంతుపట్టలేదు. అడుగుదామనుకున్నాడు గానీ అంతలోనే సోమయాజులు వారం రోజులు సస్పెండ్ చేస్తున్నానని చెప్పాడు.

ఆ మాట చెవిన పడగానే సత్తయ్య అరిచేతులు ప్యాంటుకు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిచినా తడి పోలేదు. ఆ మాటతో అతనికి పాత పరిచయం ఉంది.

"ఎన్‌క్వైరీ ఎప్పుడుంటది సార్?" అని అడిగాడు.

సోమయాజులు తల ఎత్తలేదు. "చూద్దాం, చూద్దాం. వారం పోయాక పిల్లను తీసుకుని నువ్వే రా" అని ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు.

సత్తయ్య తల ఊపాడు. అంటే వారానికి ఎన్‌క్వైరీ పెట్టినట్టే అనుకున్నాడు.

బయటికి వచ్చి చావి భుజాన వేసుకుని ముందు నడిచాడు. వెనక స్వర్ణ. ముసురుకు రాళ్లన్నీ నల్లగా తడిసి ఉన్నాయి. కొంతదూరం పోయాక వెనక నుంచి హెడ్మాస్టరు గొంతు వినిపించింది. "చూద్దాం, చూద్దాం." సత్తయ్య ఉలిక్కిపడి తిరిగాడు. హెడ్మాస్టరు లేడు. స్వర్ణ లేని పెన్నుతో గాలిలో సంతకం పెడుతోంది. తిట్టబోయిన నోటితోనే అతను నవ్వాడు. కూతురి మీద చెయ్యెత్తాల్సిన రోజున నవ్వు రావడం తండ్రికి తగదని తెలుసు. అయినా నవ్వాడు.

స్వర్ణకు ఆ విద్య ఎవరూ నేర్పలేదు. తార్నాక వైపు గోడ పక్కన వాళ్లుండే క్వార్టర్ల వరసలో సాయంత్రమైతే ఆ పిల్ల గొంతు వినాల్సిందే. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు ఆలస్యమని చెప్పే ఆడగొంతు మూడు భాషల్లోనూ చేస్తుంది. లాలాపేట్ నుంచి వచ్చే గాజులామె బేరం, సత్తయ్య పై ఇంజినీరు తుమ్మబోయి ఆగిపోవడం, చర్చి పాస్టరుగారు ప్రార్థన మధ్యలో గొంతు సవరించుకోవడం, అన్నీ ఆ పిల్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి. పక్కింటి మల్లన్న డ్యూటీ దిగి వస్తూనే, బిడ్డా, ఒకపారి రైలును లేటు జెయ్యి అంటాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని తల్లి బాలలక్ష్మి రోజుకోసారి గదమాయిస్తుంది. గదమాయించి, తనూ గుమ్మంలోకి వచ్చి నిలబడి వింటుంది.

ఆ సాయంత్రం బాలలక్ష్మి హాస్టల్ మెస్‌లో చపాతీలు ఒత్తే పని ముగించుకుని, మోచేతుల దాకా పిండితోనే వచ్చింది. సంగతి విని కూతురి వీపు మీద ఒక్కటి వేసింది. సత్తయ్య అడ్డం వచ్చాడు.

"సస్పెన్షనంటె శిక్ష కాదే. ఎన్‌క్వైరీ అయ్యేదాంక పక్కకు కూసోవెట్టుడు. శిక్ష ఉన్నదా లేదా అన్నది ఎన్‌క్వైరీల తేలుతది."

చిన్నపిల్లకు ఎన్‌క్వైరీ ఏందని బాలలక్ష్మి అడిగింది. సస్పెన్షన్ ఉన్న కాడ ఎన్‌క్వైరీ ఉండాల్సిందేనని, అది రూలని సత్తయ్య చెప్పాడు. ఆ రూలు అతనికి తెలిసినట్టు ఆ వరసలో ఎవరికీ తెలియదు. సస్పెండైనవాడు ఊరు దాటకూడదు. రోజూ పోయి ఆఫీసులో ముఖం చూపించాలి, లేకుంటే పరారీలో ఉన్నాడని రాస్తారు. ఫిర్యాదు చేసినవాళ్లతో ముచ్చట పెట్టకూడదు, సాక్షిని బుజ్జగించాడంటారు. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఎన్‌క్వైరీలో మాట్లాడే తీరు.

అది చెప్పేటప్పుడు అతను గోడవైపు చూశాడు. అప్పుడెప్పుడో బాయ్స్ హాస్టల్‌కు నీళ్లు రాక పిల్లలు ఖాళీ బకెట్లతో ధర్నా చేసిన సంగతి క్వార్టర్లలో అందరికీ తెలుసు. సత్తయ్యను సస్పెండ్ చేసిన సంగతీ తెలుసు. లోపల గదిలో ఏం జరిగిందో మాత్రం అతను ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ దినం నువ్వు డ్యూటీల ఉన్నవా అని అడిగిండు పెద్దసారు. ఉంటి సార్ అన్న. ఉంటే ఏం జేసినవు అన్నడు. వాల్వు ఇప్పితి సార్ అన్న. క్లర్కు రాసుకున్నడు. సంతకం పెట్టమంటె పెట్టిన. ఎన్కసీరి యూనియనోళ్లు సదివి చెప్పిన్రు. డ్యూటీల ఉంటే వాల్వు విప్పేవాణ్ణి అని నేను చెప్పిన్నని ఉన్నదంట అండ్ల. అంటె నేను లేనని నేనే ఒప్పుకున్నట్టు."

స్వర్ణ నవ్వలేదు. "ఉంటి అంటె ఉన్న అని వాళ్లకు తెల్వదా నాయినా?"

"తెల్వది. తెల్వాల్సిన పని వాళ్లకు లేదు బిడ్డా, మనకున్నది. మల్ల డ్యూటీలకు తీసుకున్నరు గని, ఇయ్యాల్టికి నా సర్వీసు పుస్తకంల ఆ దినం నేను లేను."

సీతాఫల్‌మండి వైపు ఏదో గూడ్సుబండి చాలాసేపు పోయింది. తన బిడ్డ నోటి నుంచి వచ్చిన మాట కాగితం మీద అడ్డం తిరగకూడదని సత్తయ్య ఆ పూటే గట్టిగా అనుకున్నాడు. అంతకుమించి అతనికి వేరే కోరిక లేదు.

మర్నాడు పొద్దున అతను స్వర్ణ చేత యూనిఫాం వేయించి, బడి గేటు దగ్గరికి తీసుకుపోయాడు. సస్పెండైన పిల్లకు సంతకం పెట్టే పుస్తకం ఏదని వెంకటేశాన్ని అడిగాడు. వెంకటేశం అతన్ని ఎగాదిగా చూసి, అట్లాంటి పుస్తకం తనకు తెలియదన్నాడు. సరే, ముఖం చూపిస్తే చాలని సత్తయ్య కూతుర్ని గేటు పక్కన నిలబెట్టాడు. లోపల ప్రార్థనకు పిల్లలు వరసల్లో నిలబడ్డారు. గేటు చువ్వల మధ్య నుంచి అందరికీ స్వర్ణ కనబడుతోంది. తొమ్మిదో తరగతి వరసలో ఒక పిల్ల చెయ్యి ఊపింది. స్వర్ణ వెంకటేశంలా ముఖం పెట్టి, అతను గొడుగు మడిచే తీరు చేసి చూపించింది. వరసలో నవ్వు పాకింది.

గంట కొట్టి అందరూ లోపలికి పోయాక తండ్రీకూతుళ్లు వెనక్కి తిరిగారు. రెండోరోజూ అంతే. ఆ రోజు ఎవరూ చెయ్యి ఊపలేదు. వర్షం పడుతున్నా సత్తయ్య గంట అయ్యేదాకా కదలలేదు. మూడోరోజు స్వర్ణ, నేను రాను నాయినా, అందరు సూస్తున్నరు అంది. సూడాలనే గద పోయేది అన్నాడు సత్తయ్య. చూస్తేనే కదా, పిల్ల పారిపోలేదని రేపు ఎన్‌క్వైరీలో పదిమంది చెబుతారు. ఆ పిల్ల ఎందుకు రానంటోందో అతనికి అర్థం కాలేదు.

బడి వాళ్లు ఇచ్చింది ఇంట్లో కూర్చునే శిక్ష. దాన్ని ఎవరికీ కనబడకుండా అనుభవించి ఊరుకోవచ్చు. దాన్ని తీసుకొచ్చి రోజూ గేటు దగ్గర నిలబెట్టినవాడు తండ్రి. ఆ రోజు ప్రార్థన అయ్యాక సోమయాజులు మెట్ల మీద నిలబడి, గేటు వైపు చెయ్యి చూపించి పిల్లలతో ఏదో చెప్పాడు. పిల్లలందరూ ఒక్కసారి అటు తిరిగారు. తర్వాత వెంకటేశం వచ్చి, నువ్వు మంచి క్రమశిక్షణ ఉన్న తండ్రివని సారు మెచ్చుకున్నాడని చెప్పాడు. సత్తయ్య సంతోషించాడు. కేసు మనవైపే తిరుగుతోందనుకున్నాడు. స్వర్ణ అప్పటికే వెనక్కి తిరిగి, ఇంటి తోవ పట్టింది.

ఎవాంజెలిన్ టీచరు మెట్టుగూడ నుంచి బస్సులో వస్తుంది. నాలుగోరోజు బస్సు దిగి గేటు దగ్గరికి వచ్చి ఆగింది. గొడుగు స్వర్ణ మీదికి పట్టి, తాను తడుస్తూ నిలబడింది. సత్తయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"సత్తయ్యగారూ, నేను మందలించమన్నానండి. ఇంట్లో కూర్చోబెట్టమని అనలేదు. నేను నర్సాపురం నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో బస్సులో 'ఆయ్' అంటే కండక్టరు నవ్వాడు. బస్సంతా నవ్వింది. అప్పట్నుంచీ ఆ మాట మానుకున్నాను. ఎప్పుడో కోపంలో జారుతుందేమో, మీ అమ్మాయి పట్టేసింది. అందుకని ఏడుపొచ్చిందండి, అంతే."

స్వర్ణ తలెత్తి టీచరు ముఖంలోకి చూసింది. టీచరు ఆ పిల్ల జడ చివర తడిని చేత్తో పిండింది.

"ఇప్పుడే లోపలికి తీసుకుపోతాను. హెడ్మాస్టరుగారికి నేను చెప్పుకుంటాను. పంపించండి" అంది.

ఆ ఒక్కమాటకు సత్తయ్య ఊఁ అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ అతనికి కనబడింది తడుస్తున్న మనిషి కాదు, ఫిర్యాదు చేసిన మనిషి. ఎన్‌క్వైరీ తేలకుండా ఫిర్యాదుదారుతో కలిసి లోపలికి పోతే రాజీ పడ్డారంటారు. రాజీ అంటే తప్పు ఒప్పుకున్నట్టే. నోరు మూసుకుని ఒప్పుకున్న తప్పు ఎంత కాలం వెంట వస్తుందో అతనికి తెలుసు.

"ఎన్‌క్వైరీ కానియ్యండి మేడం. అప్పటిదాంక మీతోని మాట్లాడొద్దు మేము" అని చేతులు జోడించాడు.

ఏ ఎన్‌క్వైరీ అన్నట్టు టీచరు చూసింది. అతను కూతురి రెక్క పట్టుకుని నడిపించుకుపోయాడు. మలుపు దాకా పోయాక స్వర్ణ వెనక్కి తిరిగి చూసింది. టీచరు ఇంకా గేటు దగ్గరే ఉంది.

సాయంత్రాలు ఇంట్లో వేరే బడి నడిచేది. సత్తయ్య స్టూలు మీద పెద్దసారులా కూర్చునేవాడు. స్వర్ణ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేది. అతని పక్కన స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది, చేతిలో ఇత్తడి నట్టు. అతనికి పుస్తకం తెలుగు రాదు. కానీ ఏది పుస్తకం తెలుగు కాదో మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే అది తన మాటే. స్వర్ణ నోట ఇంటి మాట జారినప్పుడల్లా గ్లాసు మీద నట్టుతో టక్కున కొట్టేవాడు.

మొదటి సాయంత్రం అదొక ఆట. "నువ్వు ఏం జేసినవు?" అని అతను అడిగితే, "నేనేం జెయ్యలె సార్" అనేది. టక్. "నేనేమీ చెయ్యలేదు సార్" అని మూతి తిప్పేది. తండ్రి నట్టు పట్టుకునే తీరును అక్కడే అనుకరించి చూపించింది. మల్లన్న కిటికీలో నుంచి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. సత్తయ్య లేచి కిటికీ మూశాడు.

తర్వాత్తర్వాత ఆట తగ్గింది. పొద్దున రేడియోలో ప్రాంతీయ వార్తలు వచ్చేటప్పుడు అతను కూతుర్ని పక్కన కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం తిరిగి చెప్పించాడు. గట్ల మాట్లాడాలె, గట్ల మాట్లాడితె ఎవడు నవ్వడు, ఎవడు తప్పు రాసుకోడు అన్నాడు. స్వర్ణకు చెవి ఉంది. రైలు గొంతు పట్టినట్టే రేడియో గొంతునూ పట్టేసింది. కాకపోతే రైలు గొంతు చేసేటప్పుడు ఆ పిల్ల కళ్లల్లో ఒక వెలుగు ఉండేది. రేడియో గొంతు చేసేటప్పుడు కళ్లు గ్లాసు మీదే ఉండేవి.

అన్నం తినేటప్పుడు కూడా సత్తయ్య గ్లాసు దగ్గర పెట్టుకున్నాడు. అలవాటు కావాలి కదా అన్నాడు. "అమ్మా, కూర ఎయ్యి" అంది స్వర్ణ. టక్. చేతిలో ముద్ద ఆగిపోయింది. "అమ్మా, కూర వెయ్యండి." బాలలక్ష్మి గరిటె గిన్నెలో పడేసి, నేనేమన్న కలెక్టర్నా అంది. ఎవరూ నవ్వలేదు.

చివరి రోజుల్లో ఆ పిల్ల మాట్లాడే ముందు ఆగడం మొదలుపెట్టింది. అడిగిన దానికి వెంటనే జవాబు వచ్చేది కాదు. పెదవులు లోపల కదిలేవి, మాట లోపలే ఒకసారి కడిగి బయటికి తెచ్చినట్టు ఉండేది. ఆదివారం సాయంత్రం సత్తయ్య అడగాల్సినవన్నీ అడిగాడు. నట్టు ఒక్కసారి కూడా గ్లాసుకు తగలలేదు. అతను తృప్తిగా దాన్ని జేబులో వేసుకున్నాడు.

ఎన్‌క్వైరీ రోజున సత్తయ్య సెలవు పెట్టి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వాల్వులు మల్లన్నకు అప్పగించాడు. హెడ్మాస్టరు గదిలో మూడు కుర్చీలైనా వేసి ఉంటారనుకున్నాడు. సోమయాజులు ఒక్కడే ఉన్నాడు, టీ తాగుతూ. వీళ్లను చూసి, ఓ, వారం అయిపోయిందా అన్నాడు. పో, క్లాసుకు పో అని స్వర్ణకు చెయ్యి ఊపాడు.

సత్తయ్య కదలలేదు. "సార్, ఎన్‌క్వైరీ?"

"ఎంక్వైరీ ఏమిటయ్యా?" సోమయాజులు నవ్వాడు. "ఇదేమన్నా సెక్రటేరియట్టా? చిన్నపిల్ల అల్లరి చేసింది, వారం ఇంట్లో కూర్చోమన్నాం, కూర్చుంది. అయిపోయింది."

ఇన్నాళ్లూ గేటు దగ్గర నిలబెట్టింది ఎవరి ముందు, గ్లాసు కొట్టింది ఎవరి కోసం అన్నది సత్తయ్య బుర్రలో తిరగడం మొదలైంది. అంతలో స్వర్ణ ఒక అడుగు ముందుకు వేసింది. చేతులు కట్టుకుంది. ఒక క్షణం ఆగింది.

"నా ప్రవర్తన వల్ల ఉపాధ్యాయురాలి మనసు నొచ్చుకున్నందుకు చింతిస్తున్నాను సార్. ఇకపై అటువంటి పొరపాటు జరగదు."

ఎక్కడా ఒక్క అక్షరం తొట్రుపడలేదు. సోమయాజులు టీకప్పు కింద పెట్టాడు. అటుగా హాజరు పట్టీ తీసుకోవడానికి వచ్చిన ఎవాంజెలిన్ టీచరును పిలిచి, విన్నారా అన్నాడు.

"వారం ఇంట్లో కూర్చోబెడితే ఏం నేర్చుకుంటుందని నామీద పోట్లాడారే, ఇప్పుడు చెప్పండి. సస్పెన్షన్ కన్నా మంచి మందు లేదమ్మా."

టీచరు స్వర్ణ వైపు చూసింది. ఆ పిల్ల తన వైపు చూస్తుందేమోనని కాసేపు నిలబడింది. స్వర్ణ నేలవైపే చూస్తోంది. పదమ్మా అని టీచరు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయింది. పోతూ పోతూ గుమ్మంలో సత్తయ్యను చూసిన చూపులో కోపం లేదు. అతనికి అర్థమయ్యేంత తేలికైన చూపు కూడా కాదది.

సత్తయ్య ఇస్త్రీ చొక్కాతోనే పంపుహౌస్‌కు పోయి మల్లన్న దగ్గర చావి తీసుకున్నాడు. ఏం తేలిందని మల్లన్న అడిగితే, మంచిగనే అయింది, బిడ్డ సక్కగ మాట్లాడింది అని చెప్పాడు. నిజానికి ఆ మాట చెప్పేటప్పుడు అతనికి గర్వంగానే ఉంది. తను తడబడిన చోట బిడ్డ తడబడలేదు. ఎన్‌క్వైరీ లేకపోతే లేకపోయింది.

ఆ తర్వాత రోజులు బాగానే గడిచాయని చెప్పాలి. స్వర్ణ మీద మళ్లీ ఫిర్యాదు రాలేదు. టైముకు బడికి పోతుంది, టైముకు వస్తుంది, పుస్తకం ముందు కూర్చుంటుంది. ఒక సాయంత్రం మల్లన్న డ్యూటీ దిగి వచ్చి, బిడ్డా, ఒకపారి రైలును లేటు జెయ్యి అన్నాడు. స్వర్ణ ఆగి, "నేను చదువుకోవాలి మామయ్యగారూ" అంది. మల్లన్న పకపకా నవ్వి, ఇదెవరి గొంతు, కొత్తగున్నదే, టీచరమ్మదా అని అడిగాడు. ఆ పిల్ల పుస్తకం వైపు తిరిగింది. మల్లన్న నవ్వు దానంతటదే ఆగిపోయింది. మళ్లీ అతను అడగలేదు. క్వార్టర్ల వరసలో సాయంత్రాలు టీవీల చప్పుడు తప్ప ఇంకేం లేకుండా పోయింది.

బాలలక్ష్మి ముందుగా కనిపెట్టింది. పొయ్యి ముందు కూర్చుని సన్నగా చెప్పింది.

"మెస్సుల పిల్లలు పిలిచినట్టు పిలుస్తున్నదయ్యా నన్ను. అమ్మా, మీరు తిన్నారా అంటున్నది. నా కడుపున పుట్టిన పిల్ల నాకు పరాయిదాని లెక్క మర్యాద ఇస్తున్నది. కొండనాలుక్కు మందేస్తె ఉన్న నాలుక ఊడిందంటరు, గిదే."

పిల్ల బాగుపడిందని అందరూ అంటుంటే నీకొక్కదానికే బాధ అని సత్తయ్య కసిరాడు. కసిరాడు గానీ ఆ రోజు డ్యూటీలో ఆ మాట అతన్ని వదలలేదు. లేడీస్ హాస్టల్ వెనక గుంటలో చావి దించి చుట్టూ తిరిగాడు. వాల్వు తేలిగ్గా తిరిగింది, మరీ తేలిగ్గా. పిడికి చెవి ఆనించాడు. ఏమీ వినిపించలేదు. పై ఇంజినీరుకు చెప్పాలని లేచి, మళ్లీ వంగి ఇంకోసారి విన్నాడు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. బాలలక్ష్మి ఇంకా మెస్ నుంచి రాలేదు. స్వర్ణ అతని ముందు కంచం పెట్టి, అన్నం వడ్డించి, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. ఇంతకుముందు వడ్డిస్తూనే గాజులామె బేరం మొదలుపెట్టేది. మంచినీళ్ల గ్లాసు అతని కుడిచేతి పక్కన ఉంది. సత్తయ్యకు ఆకలిగా లేదు. బిడ్డ నోట ఒక్క మాట వినాలని ఉంది. ఏదైనా సరే, తన మాట. తిట్టినా సరే.

"బిడ్డా, ఇయ్యాల బడిల అందరితోని కలిసి ఆడుకుంటివా? నువ్వు గూడ ఉంటివా ఆటల?"

స్వర్ణ పెదవులు లోపల కదిలాయి.

"ఉన్నానండి."

సత్తయ్య నవ్వాడు. ఇది టీచరమ్మ గొంతే, ఇప్పుడు లేని కొంగు సర్దుకుంటుంది, ఇప్పుడు ఆయ్ అంటుంది అనుకున్నాడు. ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ చాలాసేపు నవ్వు అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. స్వర్ణ నవ్వలేదు. ఆమె ఎవరినీ అనుకరించడం లేదు.

అతనికి భయం వేసింది. ఏం చెయ్యాలో తెలియలేదు. ఉంటి అనమని చెప్పడానికి నోరు రాలేదు, వద్దని కొట్టి మాన్పించిందీ తనే కదా. జేబులో చెయ్యి పెట్టాడు. ఇత్తడి నట్టు చేతికి తగిలింది. దాన్ని తీసి మంచినీళ్ల గ్లాసు మీద కొట్టాడు. నీళ్లుండటం వల్ల చప్పుడు మెత్తగా వచ్చింది.

స్వర్ణ ఉలిక్కిపడింది. గ్లాసు వైపు చూసింది. తన మాటలో తప్పెక్కడ ఉందో వెతుక్కుంటూ నుదురు ముడిచింది. దొరకలేదు. చేతులు ఇంకాస్త బిగించి కట్టుకుని, ఒక్కొక్క అక్షరం విడదీసి, ఇంకాస్త జాగ్రత్తగా చెప్పింది.

"ఉన్నాను నాన్నగారూ. ఆటలో నేను కూడా ఉన్నానండి."